రక్తనాళం చీలే చోట బ్లాకు ఉంటే: ఒక స్టెంటా, రెండా, రెండైతే ఏ పద్ధతి?

"బైఫర్కేషన్ బ్లాకు ఉంది", అంటే గుండె నాళం రెండుగా చీలే చోట అడ్డు ఉంది, అనగానే తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా పేషెంటు తరఫు వాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఒక స్టెంటు చాలదా సార్, రెండెందుకు?" కొత్తగా డీఎం కార్డియాలజీలో చేరిన పిల్లలు అడిగేది ఇంకొకటి: "డీకే క్రష్ చేద్దామా సార్, క్యులాట్ చేద్దామా?" ఇవి రెండు స్టెంట్లు వేసే పద్ధతుల పేర్లు, కింద వివరిస్తా. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చోట దొరుకుతుంది, పక్క కొమ్మ దగ్గర. ఆ కొమ్మ ఎంత లావు, అందులో జబ్బు ఎంత పొడవునా పాకింది, అది మూసుకుపోతే గుండెకి జరిగే నష్టమెంత. ఈ మూడూ తేల్చుకోకముందే టెక్నిక్ పేరెత్తడం నాకు నచ్చదు. నేను తిరుపతిలో క్యాథ్‌ల్యాబ్‌లో పనిచేసే కార్డియాలజిస్టుని. జూనియర్లకి పనికి రావాలి, యాంజియో సీడీ చేతిలో పెట్టుకుని ఎటు పోవాలో తేల్చుకోలేక టెన్షన్ పడే ఇంటివాళ్లకీ అర్థం కావాలి అని ఇది రాస్తున్నా, కాబట్టి కొన్నిచోట్ల ఒకరికి తెలిసిందే చెబుతున్నట్టు ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు మ్యాపు. ఎడమవైపు పెద్ద నాళం, లెఫ్ట్ మెయిన్ అంటాం, కొంచెం దూరం పోయి రెండుగా చీలుతుంది. ముందువైపు దిగేది ఎల్ఏడీ, వెనక్కి తిరిగేది సర్కంఫ్లెక్స్. ఎల్ఏడీ నుంచి డయాగ్నల్ కొమ్మలు, సర్కంఫ్లెక్స్ నుంచి ఓఎం కొమ్మలు వస్తాయి, కుడి నాళం చివరికి పోయి పీడీఏ, పీఎల్ అని చీలుతుంది. చీలే చోట రక్తం గోడని ఒరుసుకుంటూ పోయే తీరు మారిపోతుంది, చీలిక మొనకి (రెండు కొమ్మలు విడిపోయే అంచుకి) ఎదురుగా ఉండే గోడల మీద ఆ ఒరిపిడి తక్కువ, కొవ్వు పేరుకునేది ఎక్కువగా అక్కడే. అందుకే యాంజియోప్లాస్టీల్లో దాదాపు 15 నుంచి 20 శాతం ఈ చీలికల దగ్గరే చేయాల్సి వస్తుంది.

రిపోర్టులో 1,1,1 అనో 0,1,0 అనో మూడు అంకెలు కనబడితే అది మెడీనా వర్గీకరణ, 2006లో వచ్చింది. మొదటి అంకె చీలికకి ముందున్న మెయిన్ నాళం, రెండోది చీలిక దాటాక మెయిన్ నాళం, మూడోది పక్క కొమ్మ. 50 శాతం పైన బ్లాకు ఉంటే 1, లేకపోతే 0. 1,1,1, 1,0,1, 0,1,1 ఈ మూడింటినీ నిజమైన బైఫర్కేషన్ అంటాం, ఎందుకంటే వీటిలో పక్క కొమ్మలోనూ, మెయిన్ నాళంలోనూ జబ్బు ఉంది. సులువైన పద్ధతి కాబట్టి అందరూ వాడతారు, నేనూ వాడతా. కానీ ఇందులో పెద్ద లోటు ఉంది. పక్క కొమ్మ మొదట్లో 4 మి.మీ. మాత్రమే బ్లాకు ఉన్నా 1,1,1 అనే రాస్తాం, లోపలికి 20 మి.మీ. పాకినా 1,1,1 అనే రాస్తాం. క్యాల్షియం ఉందా, కొమ్మ ఏ కోణంలో బయల్దేరింది అన్నదీ ఈ అంకెల్లో ఉండదు. చికిత్స నిర్ణయించేది మాత్రం ఈ చెప్పని విషయాలే.

ఒక స్టెంటుతో మొదలుపెట్టే దారి

దీన్ని ప్రొవిజనల్ స్టెంటింగ్ అంటారు. మెయిన్ నాళంలో ఒక స్టెంటు వేసి, పక్క కొమ్మ ఎలా ఉందో చూసి, తప్పనిసరి అయితేనే రెండోది వేయడం. మన దగ్గరికి వచ్చే బైఫర్కేషన్లలో ఎక్కువ భాగానికి ఇదే సరిపోతుంది. 2006లో వచ్చిన నార్డిక్ స్టడీలో 413 మందిని చూస్తే, ముందే రెండు స్టెంట్లు వేసినందువల్ల అదనంగా ఒరిగింది ఏమీ లేదు. 2010లో బ్రిటన్ వాళ్ల బీబీసీ వన్ స్టడీలో తొమ్మిది నెలలకి చావు, గుండెపోటు, నాళం మళ్లీ మూసుకుపోవడం లాంటివి కలిపి చూస్తే ఒక స్టెంటు దారిలో 8 శాతం, రెండు స్టెంట్ల దారిలో 15.2 శాతం. అంటే ఎక్కువ ఇనుము వేస్తే ఎక్కువ భద్రత అనుకోవడం కుదరదు. "డబ్బులు కట్టగలం సార్, రెండూ వేసేయండి" అనే వాళ్లకి ఈ మాటే చెబుతాను.

అయితే ప్రొవిజనల్ అంటే తేలిక పని అనుకుంటే పొరపాటే, ఇందులో జాగ్రత్తగా చేయాల్సిన మెట్లు ఉన్నాయి. రెండు కొమ్మల్లోకీ వైర్లు, అంటే బెలూన్లకీ స్టెంట్లకీ దారి చూపే సన్న తీగలు, దించుతాం, కష్టంగా ఉన్న దాంట్లోకి ముందు. పక్క కొమ్మలో వైరు ఉంటే, స్టెంటు విప్పినప్పుడు కొవ్వు జరిగి ఆ కొమ్మ మూసుకుపోయినా దారి గుర్తు మిగిలి ఉంటుంది. స్టెంటు సైజు ఎప్పుడూ చీలిక దాటాక ఉన్న నాళం లావుని బట్టే ఎంచుకోవాలి. ముందున్న లావు భాగాన్ని బట్టి ఎంచుకుంటే చీలిక మొన పక్కకి జరిగి కొమ్మ మొదలునే నొక్కేస్తుంది.

ఇక్కడే చిక్కు. తల్లి నాళం, అంటే చీలికకి ముందున్న భాగం, పిల్ల నాళాల కంటే లావు. దీనికి ఫినే లెక్క ఒకటి ఉంది: రెండు కొమ్మల వ్యాసాలు కూడి 0.678తో గుణిస్తే తల్లి నాళం వ్యాసం వస్తుంది. ఉదాహరణకి డయాగ్నల్ దాటాక ఎల్ఏడీ 3.0 మి.మీ., డయాగ్నల్ 2.25 మి.మీ. అనుకోండి, మొత్తం 5.25, గుణిస్తే 3.56. అంటే 3.0 స్టెంటు వేస్తే చీలికకి ముందు భాగంలో అది లావు పైపులో సన్న పైపు పెట్టినట్టు గోడకి అంటకుండా వేలాడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే అక్కడ గడ్డకట్టొచ్చు, తర్వాత వైరు స్టెంటుకీ గోడకీ మధ్య సందులోంచి దూరిపోవచ్చు. అందుకే పాట్ చేస్తాం, అంటే ముందు భాగాన్ని దాని అసలు లావుకి తగ్గ గట్టి ఎన్‌సీ బెలూన్‌తో మళ్లీ విప్పడం. బెలూన్ ముందు భుజం సరిగ్గా చీలిక మొన దగ్గర ఆగాలి. రెండు మి.మీ. ముందుకి పోతే మొనని నెట్టేస్తుంది, రెండు మి.మీ. వెనకపడితే కొమ్మ ఎదురుగా ఉన్న స్టెంటు గళ్లు (జల్లెడలా దాని తీగల మధ్య ఉండే ఖాళీలు) తెరుచుకోవు. స్టెంటు కొనేటప్పుడే ఇంకో సంగతి చూసుకోవాలి: ఆ మోడల్‌ని గరిష్ఠంగా ఎంత వరకు విప్పొచ్చో కంపెనీ ఇస్తుంది. లెఫ్ట్ మెయిన్ 4.5 మి.మీ. ఉన్నప్పుడు, అంత దూరం సాగని స్టెంటు తెచ్చుకుంటే ఎంత పెద్ద బెలూన్ వేసినా లాభం లేదు.

తర్వాత పక్క కొమ్మలోకి మళ్లీ వైరు పోవాలంటే స్టెంటు గడిలోంచి పోవాలి. ఏ గడి అన్నది ముఖ్యం. ప్రొవిజనల్‌లో చీలిక మొనకి దగ్గరగా ఉన్న గడిలోంచే పోవాలి, అప్పుడు బెలూన్ విప్పగానే స్టెంటు తీగలు కొమ్మ పైగోడ వైపు వాలి అక్కడ కప్పుతాయి. నేను పిల్లలకి నేర్పేది ఇది: వైరు మొనకి కాస్త వంపు పెట్టి, మెయిన్ నాళంలో కిందికి దించేసి, మొన పక్క కొమ్మ వైపు తిప్పి మెల్లగా వెనక్కి లాగండి. చటుక్కున మొన పక్కకి పడుతుంది, కింది నుంచి వస్తున్నారు కాబట్టి అది మొదట పడేది చీలిక మొన దగ్గరి గడిలోనే. పైనుంచి తోస్తూ పోతే ఏ గడిలో పడుతుందో చెప్పలేం.

రెండు బెలూన్లు ఒకేసారి రెండు కొమ్మల్లో విప్పడాన్ని కిస్సింగ్ అంటాం. ఒక స్టెంటే వేసినప్పుడు అది ప్రతి కేసులోనూ చేయాల్సిన పని లేదు. 2011లో వచ్చిన నార్డిక్-3 స్టడీలో 477 మందిని చూస్తే, అందరికీ కిస్సింగ్ చేసినా చేయకపోయినా పేషెంట్ల పరిస్థితిలో తేడా రాలేదు, కాకపోతే నిజమైన బైఫర్కేషన్లలో పక్క కొమ్మ మళ్లీ సన్నబడటం కిస్సింగ్ చేసిన వాళ్లలో తక్కువగా ఉంది. చేశాక మళ్లీ ఒక పాట్ తప్పదు, కిస్సింగ్‌తో తల్లి నాళంలో స్టెంటు గుడ్డు ఆకారానికి వస్తుంది కాబట్టి.

ఇంతా చేశాక స్క్రీన్ మీద పక్క కొమ్మ మొదలు సన్నగా కనబడుతుంది. చూసేవాళ్ల చేయి ఊరుకోదు, "ఇంకో స్టెంటు పెట్టేద్దాం" అనిపిస్తుంది. ఇక్కడ ఆగమని చెప్పే స్టడీ 2005లో కొరియా వాళ్లు చేశారు. ఇలా స్టెంటు వెనక చిక్కుకున్న కొమ్మల్లో ఎఫ్ఎఫ్ఆర్ వైరుతో ప్రెజర్ కొలిచారు. కంటికి 75 శాతం కంటే తక్కువ కనబడిన ఏ కొమ్మలోనూ రక్తానికి నిజమైన అడ్డు లేదు. 75 శాతం, అంతకు మించి కనబడిన 73 కొమ్మల్లో కూడా నిజంగా అడ్డు ఉన్నవి 20 మాత్రమే. కాబట్టి రక్తం బాగా పోతోంది, పేషెంటుకి నొప్పి లేదు, ఈసీజీ మారలేదు అంటే వదిలేయడమే మంచిది. అందంగా కనబడాలని స్టెంటు వేయకూడదు.

ముందే రెండు అనుకోవాల్సినవి

ఇంత చెప్పాక, అన్నిటికీ ఒకటే చాలు అనే వాదాన్ని కూడా నేను ఒప్పుకోను. పక్క కొమ్మ 2.5 మి.మీ. కంటే లావుగా ఉండి, గుండె కండరంలో పెద్ద భాగానికి రక్తం ఇస్తూ, జబ్బు లోపలికి 10 మి.మీ. పైన పాకి ఉంటే, ఒక స్టెంటుతో మొదలుపెట్టి మధ్యలో కొమ్మ మూసుకుపోయి, వైరు దూరక, టేబుల్ మీద బీపీ పడిపోతుంటే కంగారుగా రెండోది వేయడం కంటే, ముందే ప్లాన్ చేసుకుని తీరుబడిగా రెండు వేయడం మేలు.

ఎక్కడ గీత గీయాలి అన్నదానికి, ఏ బైఫర్కేషన్ కాంప్లెక్స్ (జటిలం) అన్నది తేల్చే డెఫినిషన్ అనే స్టడీ ప్రమాణాలు నాకు నచ్చుతాయి. పెద్ద షరతు ఒకటి: లెఫ్ట్ మెయిన్ చీలిక అయితే పక్క కొమ్మలో 70 శాతం పైన బ్లాకు, మిగతా చోట్ల 90 శాతం పైన, రెండింటిలోనూ పొడవు కనీసం 10 మి.మీ. దానికి తోడు చిన్న షరతుల్లో కనీసం రెండు కలవాలి: క్యాల్షియం, ఎక్కువ చోట్ల బ్లాకులు, కోణం 45 డిగ్రీల కంటే తక్కువ లేదా 70 కంటే ఎక్కువ, మెయిన్ నాళం 2.5 మి.మీ. లోపు, రక్తం గడ్డ, మెయిన్ నాళంలో జబ్బు పొడవు 25 మి.మీ. పైన. ఇలా కాంప్లెక్స్ అని తేలిన 653 మంది మీద 2020లో డెఫినిషన్-2 ఫలితాలు వచ్చాయి. ఏడాదికి చికిత్స విఫలమైనవి ముందే రెండు స్టెంట్లు వేసిన వాళ్లలో 6.1 శాతం, ప్రొవిజనల్‌లో 11.4 శాతం. ఆ రెండు స్టెంట్లలో ఎక్కువ భాగం డీకే క్రష్ పద్ధతిలో వేసినవే, ఈ మాట మర్చిపోకండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

గుండెపోటు నడుస్తుండగా అర్ధరాత్రి వచ్చిన పేషెంటు సంగతి వేరు. అక్కడ మూసుకుపోయిన నాళం తెరవడమే పని, వీలైనంత సులువుగా, వీలైతే ఒకే స్టెంటుతో. క్రియాటినిన్ ఎక్కువ ఉన్న, అంటే కిడ్నీ బలహీనంగా ఉన్న ముసలాయనకి కూడా అంతే. రెండు స్టెంట్ల పద్ధతులకి టైమూ, యాంజియోలో నాళాలు కనబడేలా ఎక్కించే కాంట్రాస్టు మందూ ఎక్కువ పడతాయి, గుండె బాగు చేయబోయి కిడ్నీని పోగొట్టకూడదు.

రెండైతే ఏది

టీ స్టెంటింగ్ పాత పద్ధతి, కొమ్మ దాదాపు 90 డిగ్రీల్లో బయల్దేరితే తప్ప కొమ్మ మొదట్లో కొంచెం చోటు కప్పకుండా మిగిలిపోతుంది, మళ్లీ బ్లాకు వచ్చేది అక్కడే. దాన్ని సరిచేసుకున్నదే ట్యాప్. మెయిన్ స్టెంటు వేశాక పక్క స్టెంటుని ఒకటి రెండు మి.మీ. మెయిన్ నాళంలోకి పొడుచుకొచ్చేలా పెట్టి విప్పి, వెంటనే కిస్సింగ్ చేయడం. ప్రొవిజనల్ మధ్యలో కొమ్మ దెబ్బతింటే నా చేయి మొదట పోయేది ట్యాప్ వైపే, మెట్లు తక్కువ, వైరు ఎప్పుడూ కొమ్మలోనే ఉంటుంది. కోణం 70 నుంచి 90 మధ్య ఉంటే బాగా కుదురుతుంది. కోణం బాగా తక్కువైతే మెయిన్ నాళం మధ్యలోకి పొడవాటి ఇనుప గోడ లేస్తుంది, తర్వాత ఎప్పుడైనా వైరు దించాలంటే నరకం, అక్కడ ట్యాప్ వద్దు.

క్యులాట్‌లో రెండు స్టెంట్లూ తల్లి నాళంలోంచే మొదలై చెరో కొమ్మలోకి దిగుతాయి, తల్లి నాళంలో ఒకదానిలో ఒకటి రెండు పొరలుగా ఉంటాయి. కొమ్మ మొదలు పూర్తిగా కప్పుతుంది, కోణం తక్కువ ఉన్నా పనికొస్తుంది. రెండు కొమ్మలూ దాదాపు ఒకే లావు ఉన్నప్పుడు ఇది చక్కటి పద్ధతి. తేడా ఎక్కువ ఉంటే మాత్రం, పక్క కొమ్మకి సరిపోయే చిన్న స్టెంటు తల్లి నాళం లావుకి విప్పుకోదు, అక్కడ ఉంగరంలా బిగుసుకుంటుంది. ప్రొవిజనల్ నుంచి కూడా క్యులాట్‌లోకి మారొచ్చు, కోణం తక్కువ ఉండి ట్యాప్ కుదరనప్పుడు నేను అదే ఎంచుకుంటా.

క్రష్ పద్ధతి 2003లో ఇటలీ నుంచి వచ్చింది. పక్క స్టెంటుని కొంచెం మెయిన్ నాళంలోకి పొడుచుకొచ్చేలా వేసి, మెయిన్ స్టెంటుతో దాన్ని గోడకి అణగదొక్కడం. కొమ్మ మూసుకుపోతుందన్న భయం ఉండదు, మొదలు బాగా కప్పుతుంది. తర్వాత ఆ మూడు పొరల ఇనుములోంచి వైరు దూర్చి కిస్సింగ్ చేయడం దగ్గరే చాలామంది ఆగిపోయేవాళ్లు. కిస్సింగ్ కాకపోతే క్రష్ సగం చేసినట్టే, సగం చేసిన క్రష్ గడ్డకట్టడానికి రహదారి.

ఆ కష్టం తీర్చడానికి చైనాలోని నాన్జింగ్‌లో షావోలియాంగ్ చెన్ బృందం డీకే క్రష్ తయారు చేసింది. డీకే అంటే రెండు కిస్సింగ్‌లు. పక్క స్టెంటు వేసి, మెయిన్ నాళంలో ఉన్న బెలూన్‌తో అణచి, మెయిన్ స్టెంటు వేయకముందే వైరు దూర్చి మొదటి కిస్సింగ్ చేసేస్తారు. అప్పటికి దాటాల్సిన పొరలు తక్కువ, దారి శుభ్రంగా తెరుచుకుంటుంది. తర్వాత మెయిన్ స్టెంటు, పాట్, మళ్లీ వైరు, రెండో కిస్సింగ్, చివరి పాట్. స్టెంట్లు ఒకదాని తర్వాత ఒకటి పోతాయి కాబట్టి చేతి నుంచి 6 ఫ్రెంచ్ సైజు సన్న క్యాథటర్ (గొట్టం)‌తో కూడా చేయొచ్చు. జూనియర్లు తడబడే చోటు ఒకటి ఇందులో ఉంది: ఇక్కడ మొదటిసారి వైరు దూర్చేది చీలిక మొన దగ్గరి గడిలోంచి కాదు, పైన ఉన్న గడిలోంచి. మొన దగ్గర దూరిస్తే అణిచిన స్టెంటుకి బయట, గోడకీ దానికీ మధ్య పోయే ప్రమాదం ఉంది. ప్రొవిజనల్‌కీ, క్యులాట్‌కీ నేర్చుకున్నది ఇక్కడ తిరగబడుతుంది, అలవాటు చొప్పున చేసేయకండి.

వీ స్టెంటింగ్, ఎస్‌కేఎస్ లాంటివి, అంటే రెండు స్టెంట్లనీ పక్కపక్కనే ఒకేసారి విప్పే పద్ధతులు, ఇప్పుడు దాదాపు వాడటం లేదు. 0,1,1 లాంటి కేసులో, తల్లి నాళం శుభ్రంగా, బాగా లావుగా ఉండి, పేషెంటు పరిస్థితి క్షణాల మీద ఉంటే వీ గుర్తుకు తెచ్చుకోవచ్చు.

లెఫ్ట్ మెయిన్ దగ్గర గొడవ

పద్ధతుల మధ్య అసలైన వాదన లెఫ్ట్ మెయిన్ చీలిక గురించే. అక్కడ పక్క కొమ్మ అంటే సర్కంఫ్లెక్స్, దాన్ని పోగొట్టుకోలేం. 2013లో డీకేక్రష్-3 స్టడీ 419 మందిలో డీకే క్రష్‌నీ క్యులాట్‌నీ పోల్చింది, ఏడాదికి చెడు ఫలితాలు 6.2 శాతం, 16.3 శాతం. 2017లో డీకేక్రష్-5 482 మందిలో డీకే క్రష్‌నీ ప్రొవిజనల్‌నీ పోల్చింది, చికిత్స విఫలమైనవి 5 శాతం, 10.7 శాతం, స్టెంటులో గడ్డకట్టడం 0.4 శాతం, 3.3 శాతం. ఇంక వేరే మాట ఎందుకు అనుకున్నారు చాలామంది. 2021లో యూరప్ వాళ్ల ఈబీసీ మెయిన్ అనే స్టడీ వచ్చింది, 467 మంది. అందులో చెడు ఫలితాలు ప్రొవిజనల్ దారిలో 14.7 శాతం, ముందే రెండు స్టెంట్ల దారిలో 17.7 శాతం, గణాంకాల లెక్కలో తేడా లేనట్టే, మొగ్గు ఉంటే ప్రొవిజనల్ వైపే.

ఎవరిని నమ్మాలి? ఇద్దరినీ నమ్మొచ్చు, పేషెంట్లు వేరు కాబట్టి. డీకేక్రష్-5లో పక్క కొమ్మలో జబ్బు సగటు పొడవు 16 మి.మీ. దగ్గర, ఈబీసీ మెయిన్‌లో 7 మి.మీ. దగ్గర. మొదటి దాంట్లో ప్రొవిజనల్ వాళ్లలో 47 శాతం మందికి చివరికి రెండో స్టెంటు వేయాల్సి వచ్చింది, రెండో దాంట్లో 22 శాతానికే. పైగా ఈబీసీ మెయిన్‌లో రెండు స్టెంట్లు వేసిన వాళ్లలో సగానికి పైగా క్యులాట్, డీకే క్రష్ చాలా కొద్దిమందికే. కాబట్టి నా పాలసీ ఇది: లెఫ్ట్ మెయిన్‌లో సర్కంఫ్లెక్స్ మొదట్లో మాత్రమే కాస్త బ్లాకు ఉంటే ప్రొవిజనల్, లోపలికి పొడవుగా పాకి ఉంటే డీకే క్రష్. 2018 యూరోపియన్ గైడ్‌లైన్స్ కూడా మామూలుగా ప్రొవిజనల్‌కి మొదటి తరగతి సిఫార్సు ఇచ్చి, నిజమైన లెఫ్ట్ మెయిన్ బైఫర్కేషన్‌లో డీకే క్రష్‌ని 2బీ తరగతిలో, అంటే ఆలోచించొచ్చు అన్న స్థాయిలో పెట్టాయి.

దీనికి ఒక షరతు. డీకే క్రష్ ఫలితాలు ఆ పద్ధతిని రోజూ చేసే చేతుల్లో వచ్చినవి. ఎప్పుడో ఒకసారి చేసే డాక్టరు సగం మెట్లు వదిలేసి చేసిన డీకే క్రష్ కంటే, బాగా అలవాటైన చేతిలో శ్రద్ధగా చేసిన క్యులాట్ వెయ్యి రెట్లు నయం. జూనియర్లు పేరు చూసి మోజు పడకుండా ముందు పాట్, రీవైరింగ్ (స్టెంటు గడిలోంచి మళ్లీ వైరు దూర్చడం), కిస్సింగ్ ఈ మూడూ ప్రొవిజనల్ కేసుల్లో చేయి తిరిగేదాకా చేయండి, రెండు స్టెంట్ల పద్ధతులన్నీ ఆ మూడింటినే అటూ ఇటూ మార్చి పేర్చినవి.

పద్ధతి కంటే పెద్ద తేడా తెచ్చేది

నన్ను ఒకటే ఎంచుకోమంటే, డీకే క్రష్ కంటే ముందు లోపలి నుంచి చూసే ఇమేజింగ్ ఎంచుకుంటా. ఐవస్ అల్ట్రాసౌండుతో, ఓసీటీ కాంతితో నాళం లోపల తిరిగి చూపిస్తాయి. యాంజియో నీడని మాత్రమే చూపిస్తుంది, స్టెంటు గోడకి అంటిందా, వైరు ఏ గడిలోంచి పోయింది, క్యాల్షియం ఎంత మందం, నాళం అసలు లావు ఎంత అన్నవి నీడలో తేలవు. 2023లో అక్టోబర్ అనే స్టడీ బైఫర్కేషన్ ఉన్న 1201 మందిని రెండు భాగాలు చేసింది. రెండేళ్లకి చెడు ఫలితాలు ఓసీటీ చూసి చేసిన వాళ్లలో 10.1 శాతం, యాంజియో చూసి మాత్రమే చేసిన వాళ్లలో 14.1 శాతం. అదే ఏడాది కొరియా నుంచి వచ్చిన రెనొవేట్ స్టడీలో, కాంప్లెక్స్ కేసులున్న 1639 మందిలో, 7.7 శాతం, 12.3 శాతం. 2024 యూరోపియన్ గైడ్‌లైన్స్‌లో లెఫ్ట్ మెయిన్, నిజమైన బైఫర్కేషన్ లాంటి కేసులకి ఇమేజింగ్‌కి మొదటి తరగతి ఇచ్చారు. "ఖర్చు ఎక్కువ కదా" అని ఇమేజింగ్ మానేసి రెండో స్టెంటుకి ఒప్పుకునే ఇంటివాళ్లని చూస్తే బాధేస్తుంది, రెండింట్లో ఒకదానికే డబ్బులుంటే ఇమేజింగ్ కొనమంటాను.

మందు పూసిన బెలూన్ మూడో దారిగా వస్తోంది. మెయిన్ నాళంలో స్టెంటు, పక్క కొమ్మలో స్టెంటు బదులు మందు బెలూన్. 2024లో డీసీబీ-బిఫ్ స్టడీ 784 మందిలో, ప్రొవిజనల్ తర్వాత పక్క కొమ్మకి మందు బెలూన్ వేస్తే ఏడాదికి చెడు ఫలితాలు 7.2 శాతం, మామూలు ఎన్‌సీ బెలూన్ వేస్తే 12.5 శాతం అని చూపింది. ఆ తేడా ఎక్కువగా చికిత్స సమయంలో వచ్చే చిన్న గుండెపోట్లలోనే, కాబట్టి ఆశగా చూస్తున్నా తప్ప ఇదే రేపటి దారి అని చెప్పను. కొమ్మలో ఇనుము మిగలకుండా పోవడం మాత్రం నాకు నచ్చే విషయం.

అసలు స్టెంటే వద్దేమో అన్న ప్రశ్న కూడా అడగాలి. షుగరు ఉండి, మూడు నాళాల్లోనూ బ్లాకులుంటే బైపాస్ మేలని 2012 ఫ్రీడమ్ స్టడీ చెప్పింది. లెఫ్ట్ మెయిన్‌తో పాటు మిగతా నాళాలు కూడా బాగా పాడై సింటాక్స్ స్కోరు (నాళాల జబ్బు ఎంత జటిలమో చెప్పే లెక్క) 33, అంతకు మించి ఉంటే కార్డియాలజిస్టు ఒక్కడే నిర్ణయం తీసుకోకూడదు, సర్జన్ ఆ సీడీ చూడాలి. "సర్జరీ డాక్టరుతో మాట్లాడారా?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ కోపం తెచ్చుకోడు.

మన వైపు వాళ్లకి కొన్ని మాటలు

చిత్తూరు నుంచి కొందరు తిరుపతికి, కొందరు వేలూరు సీఎంసీకి పోతారు, మదనపల్లె, పలమనేరు వైపు వాళ్లు బెంగళూరు పోతారు. ఎక్కడికి పోయినా స్థిరంగా ఉన్న పేషెంటుకి బైఫర్కేషన్ అంటే ఒకటి రెండు రోజులు ఆగి అడగడానికి టైముంటుంది. ఆసుపత్రి పేరు కంటే ఈ మూడు అడగండి: ఒకటి, ఐవస్ గానీ ఓసీటీ గానీ ఉందా, ఈ కేసుకి వాడతారా; రెండు, పక్క కొమ్మలో జబ్బు ఎంత పొడవు; మూడు, రెండు స్టెంట్లయితే ఏ పద్ధతి, ఎందుకు. మూడో దానికి జవాబు తడుముకోకుండా వస్తే ఆ డాక్టరు ఆలోచించినట్టు లెక్క.

ఖర్చు సంగతి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటుకి 29,600 రూపాయలు సీలింగ్ పెట్టింది, తర్వాత దాన్ని మారుస్తూ వస్తున్నారు, కాబట్టి బిల్లులో ఒక్కో స్టెంటు ధర విడిగా రాయమనడం మీ హక్కు. రెండు స్టెంట్ల కేసులో స్టెంటు కంటే అదనపు వైర్లు, ఎన్‌సీ బెలూన్లు, ఇమేజింగ్ క్యాథటర్ దగ్గర బిల్లు పెరుగుతుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేయించుకునే వాళ్లు ప్యాకేజీలో ఏవి కలుస్తాయో, ఏవి కలవవో చేర్పించే ముందే ఆ కౌంటర్లో అడిగి తెలుసుకోండి.

మాత్రల విషయం నేను గట్టిగా చెబుతాను. స్థిరంగా ఉన్న పేషెంటుకి రెండు రకాల రక్తం పలుచన మాత్రలు మామూలుగా 6 నెలలు, గుండెపోటుతో వచ్చిన వాళ్లకి 12 నెలలు. రెండు స్టెంట్ల బైఫర్కేషన్ ఉండి, రక్తస్రావం భయం తక్కువైతే ఇంకొంచెం పొడిగిస్తాం. మధ్యలో పన్ను పీకించుకోవాలని ఎవరో ఆపమన్నారని ఆపేసి రాకండి, పన్ను పీకడం చాలావరకు మాత్రలు ఆపకుండానే చేయొచ్చు, ముందు మీ కార్డియాలజిస్టుకి ఫోన్ చేయండి. చీలిక దగ్గర రెండు మూడు పొరల ఇనుము ఉన్నప్పుడు మాత్ర ఆపడం ఎంత ప్రమాదమో నోటితో చెప్పినా చాలామందికి ఎక్కదు, అందుకే మేం ఆపకూడని తేదీ చీటీ మీద పెద్దక్షరాల్లో రాసిస్తాం.

ఇక తిరుపతిలో తప్పకుండా వచ్చే ప్రశ్న: "కొండకి నడిచి పోవచ్చా సామీ?" అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకదారి పట్టొద్దని టీటీడీ కూడా సూచిస్తోంది. బైఫర్కేషన్ చేయించుకున్న వాళ్లు బస్సులో పోండి. మొక్కు ఉంది, నడిచే తీరాలి అంటే ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకుని, మీ డాక్టరు సరేనన్నాకే.

చివరగా డిశ్చార్జి కాగితం. "పీటీసీఏ టు ఎల్ఏడీ" (ఎల్ఏడీకి యాంజియోప్లాస్టీ చేశాం) అని ఒక్క లైను రాసి ఉంటే తీసుకోకండి. ఏ చీలిక, మెడీనా ఎంత, ఏ పద్ధతి, ఒక్కో స్టెంటు కంపెనీ, వ్యాసం, పొడవు, చివర్లో కిస్సింగ్, పాట్ చేశారా, ఇమేజింగ్ వాడారా, ఇవన్నీ ఉండాలి, స్టెంటు స్టిక్కర్లు కూడా అతికించాలి. రెండేళ్ల తర్వాత ఏ అర్ధరాత్రో బెంగళూరులోనో వేలూరులోనో నొప్పితో దిగితే, అక్కడి డాక్టరు ఆ చీలికలోకి వైరు ఎటు నుంచి దూర్చాలో తేల్చుకునేది ఆ కాగితం చూసే. ఒక జిరాక్సు పేషెంటు దగ్గర, ఒకటి ఇంట్లో, ఒక ఫోటో కొడుకు ఫోన్లోనో కూతురు ఫోన్లోనో పెట్టుకోండి.